కప్పు మడుచు కారు – గృహిణులు తీసికొనవలసిన జాగ్రత్తలు



ఇంటికి కప్పెట్టిదో కారునకును కప్పట్టిదే. ఎండవానల కడ్డుగా నుండుటయే దాని పనియని మనమనుకొందుము. కాని బండి బోల్తాపడినప్పుడు లోనివారి తలలు చితుకకుండను, వారు వెలుపలికి విసరివేయబడకుండను కొంతవరకు కాపాడునది ఆ కప్పే. దానిని వెనుకకు మడిచి, చల్లగాలి ననుభవించుచు ప్రయాణము చేయుట మిక్కిలి హాయి. ఐనను కప్పు చేసెడి పనిని అప్పుడు మఱియొకరు చేయవలెను గదా! ఆ భారము మనపై నున్నదని మాకు గత పుష్యమాసమున తెలిసినది. ఎట్లు తెలిసినదో దాచక చెప్పి, పిదప మేము నేర్చుకొన్న సంగతులు మనవి చేసెదము.

మేము కరీంనగరమున కాపురముండువారము. మావారు బడిపంతులు. మాకు కారు లేదు. మా మరిది రెండేండ్ల క్రిందట గుడ్డకప్పు గల బండి నొకదానిని పాతది కొన్నాడు. ఇట్టివానిని కన్వర్టిబుల్ కార్లందురు. మనవైపు వాడుకలో టాపు తీసెడి జీపు. 1947లో మహీంద్రావారు మన దేశమున విల్లీస్ జీపులను కూర్చుట మొదలుపెట్టిన నాటినుండియు గుడ్డకప్పు బండ్లు మనకు క్రొత్తగావు. 2020 అక్టోబరున అమ్మకమునకు వచ్చిన థార్ బండియందును చేతితో మడుచు కప్పు గల రకమొకటి యుండెను. కావున ఇది ధనవంతుల ముచ్చట, మనకేలయని ఈ పుట త్రిప్పివేయవలదు.

పుష్య అమావాస్యకు ఇంద్రవెల్లి మండలమునందలి కేస్లాపురమున నాగోబా జాతర జరుగును. మెస్రం వంశపు గోండులు జన్నారము మండలములోని హస్తినమడుగునుండి గోదావరీజలమును కాలినడకన తెచ్చి నాగోబాకు అభిషేకము చేయుదురు. ఆ వేడుక చూడగోరి, మరిది బండిలో పిల్లలతో తెల్లవారుజామున బయలుదేరితిమి. జగిత్యాల, ధర్మపురి దాటి, రాయపట్నమువద్ద గోదావరి వంతెన నెక్కునప్పటికి తెలతెలవారుచుండెను. కప్పు తీయుమని పిల్లలు పట్టుబట్టిరి. లక్షెట్టిపేట దాటిన పిదప బండి నాపి, తొందరతొందరగా మడిచితిమి. చలికి బిఱుసెక్కియున్న ప్లాస్టికు కిటికీ యొకటి పెళుక్కున చిట్లినది. తొందరపాటునకు అదియే మొదటి హెచ్చరిక. మేము వినలేదు.

జన్నారము దాటగానే దారి కవ్వాల అడవిలో బడును. ఆ అడవి 1965లో అభయారణ్యమైనది. 2012లో పులుల రక్షితప్రాంతముగా ప్రకటింపబడినది. చెట్లనడుమ దుప్పుల గుంపు కనబడెను. మా చిన్నవాడు తనకు కనబడుటలేదని యేడ్వసాగెను. వాని సీటుబెల్టును మేమే విప్పితిమి. ఈ మాట వ్రాయుటకు చేయి రాకున్నది, కాని నిజమిదియే. వాడు ముందు సీటు పట్టుకొని నిలుచుండెను. మలుపు తిరుగగానే పసులమంద దారి కడ్డముగా నుండెను. మరిది బ్రేకు త్రొక్కెను. వేగము గంటకు నలుబది కిలోమీటర్లకు మించదు. ఐనను పిల్లవాడు ముందునకు తూలి, ఇనుపకడ్డీకి ముఖము తగిలి, పైపెదవి చీలినది. కొంగుతో అదిమిపట్టుకొని ఉట్నూరు చేరి కుట్లు వేయించితిమి. “ముందునకు తూలినాడు గనుక పెదవితో పోయినదమ్మా! ప్రక్కకు తూలియుండిన బండిలోనే యుండెడివాడు కాడు” అని డాక్టరుగారనిరి. జాతర చూడకయే ఇంటికి తిరిగితిమి.

ఆనాటినుండి మరిదిని అడిగియు, మెకానికువద్ద విచారించియు, బండితో వచ్చిన పుస్తకము చదివియు తెలిసికొన్నవి ఇవి.

బయలుదేరుటకు ముందు

పొయ్యి ముట్టించుటకు ముందు గిన్నె, నూనె, నీరు చూచుకొన్నట్లే బండిని చూచుకొనవలెను. చక్రములలో గాలి ఎంత యుండవలెనో సాధారణముగా డ్రైవరు తలుపు చట్రమునంటిన కాగితముపై వ్రాసియుండును. బండి నడువక ముందు, టైర్లు చల్లగా నున్నప్పుడే కొలువవలెను. వేడెక్కినప్పుడు గాలి యెక్కువ చూపును. స్టెప్నీలోని గాలి చూచుట మనవారు తఱచు మఱతురు. ఇంజనాయిలు, కూలెంటు, బ్రేకాయిలు తగినంత యుండవలెను. ఇంజను వేడిగా నున్నప్పుడు రేడియేటరు మూత తీయరాదు. మరుగుచున్న నీరు ముఖముమీదికి చిమ్మును. వాకిటనుండి కదలగానే నాలుగడుగులలో బ్రేకు నొకమారు నొక్కి చూడవలెను. జాకీ, త్రాగునీరు, గాయముల మందులపెట్టె, బండి కాగితములు మఱువరాదు.

ఆడవారికి యంత్రముల గొడవ యేలయని యెవరైన అన్నచో ఈ కథ చెప్పుడు. జర్మనీలో మోటారుకారును నిర్మించిన కార్ల్ బెంజిగారి భార్య బెర్తా, 1888 ఆగస్టున, ఇద్దరు కుమారులతో మన్‌హైమునుండి ఫోర్‌జైమునకు నూఱు కిలోమీటర్లకు పైగా కారులో ప్రయాణము చేసినది. అంత దూరము కారులో పోయినవారు అంతకు ముందు లేరు. ఆ బండికి కప్పే లేదు. దారిలో ఇంధనపు గొట్టము పూడుకొనిపోగా టోపీకి గ్రుచ్చు సూదితో శుభ్రపఱచినది. బ్రేకులు అరిగిపోగా చెప్పులు కుట్టువానిచేత తోలు వేయించినది.

కప్పు మడుచుట, వేయుట

బండిని చదునైన చోట, బాటకు దూరముగా నిలిపి, హ్యాండుబ్రేకు వేసిన పిదపనే కప్పు ముట్టవలెను. మీట నొక్కగనే మడుచుకొను కప్పులును గలవు. వాని కీళ్లలో పిల్లల వ్రేళ్లు చిక్కుకొనకుండ వారిని దూరముగా నుంచవలెను. మడుచుటకు ముందు లోన గొడుగు, సంచి మొదలగునవి యడ్డులేకుండ చూడవలెను. కొక్కెములు విప్పుటయందును, మరల తగిలించుటయందును పుస్తకములో చెప్పిన వరుస తప్పరాదు. కొక్కెము సగము పట్టిన కప్పు, వేగముగా పోవునప్పుడు గాలికి లేచి చినుగును. పని ముగిసినపిదప ప్రతి కొక్కెమును చేతితో లాగి చూడవలెను.

తడిసిన గుడ్డను మడిచి యుంచినచో, పెట్టెలో తడిచీర పెట్టినట్లే, బూజుపట్టి కంపుగొట్టును. పూర్తిగా ఆరనిచ్చి మడువవలెను. ప్లాస్టికు కిటికీలను పొడిగుడ్డతో తుడిచినచో దుమ్మువలన గీతలుపడి మసకబారును. ముందు నీరుపోసి, పిదప మెత్తని తడిగుడ్డతో తుడువవలెను. చలికాలపు ఉదయమున వానిని మడువవలదు. కొంత ఎండ తగిలి మెత్తబడువఱకు ఆగుడు. మేము ఆగనందుకు శిక్ష ననుభవించితిమి.

కూర్చుండు తీరు

కప్పు తీసిన బండిలో బెల్టే మనకు కప్పు. ముందువారే గాక వెనుకవారును పెట్టుకొనవలెను. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టము ప్రకారము, పదునాలుగేండ్లలోపు పిల్లలను బెల్టుతోగాని పిల్లల సీటుతోగాని భద్రపఱుపనిచో వేయి రూపాయల జరిమానా కలదు. అయితే మనము జంకవలసినది జరిమానాకు కాదు. చంటివానిని ఒడిలో పెట్టుకొనుట తల్లికి తృప్తియే. కాని బండి హఠాత్తుగా నిలిచినప్పుడు ఎంత బలముగల చేతులైనను బిడ్డను ఆపజాలవు. చిన్నపిల్లలకు వారి వయసునకు తగిన సీటు వెనుకభాగమున బిగింపవలెను. పాతజీపులలో ప్రక్కకు తిరిగియున్న బెల్టులేని బల్లలపై పిల్లలను కూర్చుండబెట్టరాదు. ఇక నిలువబడుట సంగతి చెప్పనక్కఱలేదు. మా చిన్నవాని పెదవిమీది మచ్చయే చెప్పుచున్నది.

చీరకొంగు, జడ

1927 సెప్టెంబరు 14న ఫ్రాన్సు దేశమున నీస్ పట్టణమందు, లోకప్రసిద్ధి గాంచిన నర్తకి ఇసడోరా డంకన్ కప్పులేని కారులో కూర్చుండెను. మెడకు చుట్టుకొన్న పొడవైన పట్టుకండువ కొస గాలికెగిరి చక్రమునకు చుట్టుకొనగా, కారు కదలిన కొద్దిసేపటికే ఆమె ప్రాణము పోయినది. మన చీరకొంగులును, ఆడపిల్లల చున్నీలును అంతకంటె పొట్టివి కావు. కొంగును నడుమునకు చుట్టి దోపుకొని, దానిపై బెల్టు పెట్టుకొనవలెను. చున్నీని తీసి సంచిలో నుంచుట మేలు. జడ ముడివేసికొనవలెను. పురుగో ఇసుకయో కంటబడకుండ అద్దములు ధరించుట, ముఖ్యముగా బండి నడుపువారికి, అవసరము. కరీంనగర ప్రాంతమున గ్రానైటు లారీల వెనుక కప్పులేని బండితో పోవుట దుమ్ము తినుటయే. వెనుకబడి, దూరము పాటింపుడు.

ఎండ, వాన, పిడుగు

వేసవిని ఆదిలాబాదు ప్రాంతమున ఎండ నలుబదియైదు డిగ్రీలు ముట్టును. ఆ దినములలో ఉదయము, సాయంకాలము తప్ప కప్పు తీయరాదు. గాలి తగులుచుండుటచే దాహము తెలియదు గాని దేహమునందలి నీరు ఇగురుచునే యుండును. ఎండలో నిలిచిన బండిలోని బెల్టు ఇనుపకొన పిల్లల తొడలను కాల్చును; ముట్టుకొని చూచి మఱి పెట్టుడు.

మొగులు కమ్మినప్పుడు, చినుకు పడకముందే ఆగి కప్పు వేసికొనవలెను. మఱియొక సంగతి మాకు క్రొత్తగా తెలిసినది. ఇనుపకప్పు గల కారుపై పిడుగు పడినచో విద్యుత్తు పైరేకుగుండనే నేలకు పోవును గనుక లోనివారు చాలవఱకు క్షేమము. గుడ్డకప్పునకు ఆ శక్తి లేదు. ఉఱుములు వినబడినచో గట్టి కట్టడమును చేరుడు. చెట్టుక్రింద మాత్రము నిలువవలదు.

అడవిదారిలో బండి దిగరాదు. కోతులకు తినుబండారములు చూపరాదు. నాగోబా యాత్రికుల వంటి పాదచారు లెదురైనచో దుమ్ము లేవకుండ మెల్లగా పోనిచ్చుట మన మర్యాద.

యుద్ధమున దశరథుని రథపు ఇరుసుశీల యూడిపోగా, కైకేయి దానిస్థానమున తన వ్రేలుంచి రథమును నిలిపినదని పెద్దలు చెప్పగా విన్నాము. మనకంత సాహసమక్కఱలేదు. శీల యూడకముందే చూచుకొన్న చాలును.

ఇప్పుడు మా యింట నొక నియమము. మరిది తాళముచెవి త్రిప్పి, “వదినా, పోదామా?” యని యడుగును. వెంటనే మేము బదులు చెప్పము. ఒక్కొక్కరి బెల్టును చేతితో లాగి చూచి, అందఱివి యైనపిదప, “పోనీయి నాయనా” అందుము. మొన్న మేము తొందరలో మా బెల్టే మఱచితిమి. వెనుకనుండి చిన్నవాడు, “చిన్నాయనా, ఆగు. అమ్మది కాలేదు” అనెను. బండి ఆగినది. రాబోవు పుష్యమాసమున కేస్లాపురమునకు మరల పోవలెనని నిశ్చయించుకొన్నాము.