దృశ్యపాఠాల స్పష్టత: కుదింపు, బ్రౌజరుల పాత్ర

మానవుడు తన జ్ఞానాన్ని ఇతరులకు అందించడానికి ఏ సాధనాన్ని చేపట్టినా, ఆ సాధనపు గుణదోషాలు ఆ జ్ఞానానికి కూడ సంక్రమించక తప్పదు. తాటాకుపై ఘంటంతో వ్రాసిన కాలంలో ఆకు చిరగకుండా వ్రాయడం ఒక విద్య. ఉర్దూ పత్రికలు చిరకాలం కాతిబుల చేతివ్రాతతో శిలాముద్రణ పొందిన రోజులలో రాతిమీద చుక్క చెదరకుండా చూడడం మరొక విద్య. నేడు పాఠం తెరమీదికి వచ్చింది. తెరమీద అక్షరం ఎందుకు మసకబారుతుందో, దానిని ఎట్లా కాపాడుకోవాలో తెలుసుకోవడం ఈ తరం విద్యార్థికి అవసరమైన విద్య.

మన గచ్చిబౌలిలోనే ఇందుకు చక్కని నిదర్శనం ఉన్నది. 1998లో ఏర్పడిన మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం దూరవిద్య ద్వారా దేశం నలుమూలలకు ఉర్దూ మాధ్యమంలో చదువు అందిస్తున్నది. దాని బోధనా మాధ్యమ కేంద్రం తయారుచేసిన దృశ్యపాఠాలను యూట్యూబులో ఎవరైనా చూడవచ్చును. ఆ పాఠం బయలుదేరిన చోట ఎంత స్పష్టంగా ఉన్నా, దూరపు పల్లెలో చిన్న ఫోను పట్టుకొని కూర్చున్న విద్యార్థిని కంటికి చేరేసరికి ఎంత మిగులుతుందన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్న మన రెండు భాషలకూ ప్రత్యేకంగా వర్తిస్తుంది. ఉర్దూలో 'బే'కు క్రింద ఒక చుక్క, 'పే'కు క్రింద మూడు చుక్కలు. చుక్కలు కలిసిపోతే 'బాప్' అన్న తండ్రి 'పాప్' అన్న పాపంగా మారిపోతాడు. తెలుగులో 'దార' అంటే భార్య, 'ధార' అంటే ప్రవాహం. రెంటికీ భేదం అక్షరం క్రింది ఒక చిన్న గీత. అక్షరం మసకబారితే అర్థమే మారిపోయే భాషలు మనవి.

ఇక దృశ్యాన్ని కుదించడం ఎందుకో లెక్క వేసి చూద్దాం. 1080 వరుసల చిత్రంలో వరుసకు 1920 బిందువులు. అంటే మొత్తం 20,73,600 బిందువులు. ఒక్కొక్క బిందువు రంగు చెప్పడానికి 24 బిట్లు కావాలి. సెకనుకు 25 చిత్రాల చొప్పున సుమారు 124 కోట్ల బిట్లు అవుతాయి. ఇదే లెక్కన గంట పాఠానికి దాదాపు 560 గిగాబైట్లు కావాలి. అదే పాఠం సెకనుకు 25 లక్షల బిట్లకు కుదించబడినప్పుడు సుమారు 1.1 గిగాబైట్లలో ఇమిడిపోతుంది. అనగా దాదాపు ఐదువందలలో ఒక వంతు మాత్రమే మన ఫోనుకు చేరుతున్నది!

ఇది సాధ్యమయ్యే విధం తంతివార్తను పోలి ఉంటుంది. 2013 జూలైలో మన దేశంలో నిలిచిపోయిన ఆ సేవలో మాటకు ఇంత అని రుసుము ఉండేది. కనుక లేకపోయినా అర్థమయ్యే మాటలను జనం వదలివేసేవారు. దృశ్యంలోనూ అంతే. ఉపాధ్యాయుని వెనుక గోడ కదలదు. దానిని ఒకసారి పంపి, ఆ తరువాత మారిన భాగాలనే పంపితే చాలును. మన కన్ను వెలుగునీడలను గుర్తించినంత సూక్ష్మంగా రంగులను గుర్తించలేదు కనుక రంగుల వివరాన్ని సాధారణంగా నాలుగవ వంతుకు తగ్గిస్తారు. మిగిలిన చిత్రాన్ని చిన్న గడులుగా విభజించి, ప్రతి గడిలోను మెల్లగా మారే భాగాలను, వేగంగా మారే భాగాలను వేరుచేసి, వేగంగా మారేవాటిని ఎక్కువగా కత్తిరిస్తారు.

ఈ విభజనకు మూలమైన గణితప్రక్రియ పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్. దీనిని ఊహించినవారు 1940లో బెంగుళూరులో జన్మించిన నాసిర్ అహ్మద్. 1972లో ఆయన పరిశోధనకై ధనసహాయం కోరగా అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థ మంజూరు చేయలేదు. ఆయన నిరుత్సాహపడక తన శిష్యుడు టి. నటరాజన్, మిత్రుడు కామిశెట్టి రామమోహనరావు గార్లతో కలిసి 1974 జనవరిలో ఆ ఫలితాన్ని ప్రకటించారు. నేడు మనం చూసే ఫోటోలలోను, వీడియోలలోను ఆ ప్రక్రియ ఏదో ఒక రూపంలో పనిచేస్తున్నదనుటలో అతిశయోక్తి లేదు. మన విద్యార్థులు గర్వించదగిన చరిత్ర ఇది.

అయితే కత్తిరింపు మితిమీరితే మొదట నశించేది వేగంగా మారే వివరమే. తెల్ల పలకపై నల్లని సన్న గీత, అక్షరం క్రింది చుక్క సరిగ్గా అటువంటివే. ఉపాధ్యాయుని ముఖం బాగానే కనిపిస్తుండగా బోర్డుమీది వ్రాత చదవరాకపోవడానికి కారణం ఇదే. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు నెట్‌వర్కులపై భారం తగ్గించడానికి ప్రధాన వీడియో సంస్థలు మన దేశంలో మొబైల్ ప్రసారాన్ని ఏప్రిల్ 14 వరకు 480 వరుసలకు పరిమితం చేశాయి. వినోదానికి అది చాలును గాని, సన్నని వ్రాతకు చాలదు.

ఇక బ్రౌజరు సంగతి. ఒకే పాఠం సర్వరులో పలు రూపాలలో నిలువ ఉండవచ్చును. 2003 నాటి హెచ్.264, 2013 నాటి వీపీ9, 2018 నాటి ఏవీ1 అనే పద్ధతులలో తరువాతిది ముందరిదానికంటె తక్కువ బిట్లతో అదే స్పష్టత నిలుపుతుంది. బ్రౌజరు తాను ఏ పద్ధతిని విప్పగలదో తెలుపుతుంది, సర్వరు దానికి తగిన రూపాన్ని పంపుతుంది. అందుచేతనే ఒకే గదిలో, ఒకే ఇంటర్నెట్‌పై రెండు బ్రౌజరులు రెండు విధాలుగా చూపవచ్చును. ఉదాహరణకు ఆపిల్ వారి సఫారీ 2020 వరకు వీపీ9ను విప్పలేకపోవడంవల్ల యూట్యూబులోని 4కె దృశ్యాలు అందులో వచ్చేవి కావు.

అట్లని కొత్త పద్ధతి ఎల్లప్పుడు మేలనుకోరాదు. కుదింపు ఎంత గట్టిదైతే విప్పడానికి అంత శ్రమ. పరికరంలో అందుకు ప్రత్యేకమైన చిప్ ఉంటే పని సులువు. లేకపోతే ఆ భారమంతా ప్రాసెసరుపై పడి, యంత్రం వేడెక్కి, చిత్రాలు జారిపోయి, దృశ్యం కుంటుతుంది. పాత కంప్యూటరులో వీడియో ఆగి ఆగి నడిస్తే ఇంటర్నెట్‌నే నిందించడం న్యాయం కాదు. యూట్యూబులో దృశ్యంపై కుడి మీట నొక్కి 'స్టాట్స్ ఫర్ నెర్డ్స్' తెరిస్తే కుదింపు పద్ధతి, జారిన చిత్రాల సంఖ్య, ఇంటర్నెట్ వేగం కనిపిస్తాయి. వేగం బాగుండి చిత్రాలు జారుతుంటే దోషం విప్పడంలో ఉన్నదని గ్రహించాలి. అప్పుడు బ్రౌజరు అమరికలలో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ పనిచేస్తున్నదో లేదో చూచి, ఆ తరువాత మరొక బ్రౌజరును పరీక్షించాలి.

విద్యార్థులకు మేము చెప్పదలచినది స్వల్పం. బ్రౌజరును ఎప్పటికప్పుడు నవీకరించండి. పాఠంలో వ్రాత వచ్చినప్పుడు స్పష్టతను 'ఆటో'కు వదలక మీరే పెంచుకోండి, మాటలు మాత్రమే ఉన్నప్పుడు తగ్గించుకొని డేటా మిగుల్చుకోండి. వాట్సాపులో వీడియోగా పంపితే అది మళ్ళీ కుదించబడుతుంది. కనుక పాఠపు లంకెను గాని, డాక్యుమెంటు రూపంలో మూలప్రతిని గాని పంపండి.

కళాశాల కమిటీవారికి కూడ ఒక మనవి. మన పాఠాలు రికార్డు చేయించేటప్పుడు అక్షరాలు పెద్దవిగా, తెలుపు నలుపులలో ఉండేట్లు చూడాలి. నీలిపై ఎర్రని సన్న వ్రాత రంగుల తగ్గింపులో చెరిగిపోతుంది. కొత్త కంప్యూటర్లు కొనేటప్పుడు వీపీ9, ఏవీ1లను విప్పే చిప్ ఉన్నదీ లేనిదీ అడిగి తెలుసుకోవాలి. కొనుగోలు నాడు ఈ ఒక్క ప్రశ్న వేస్తే, వెనుక బల్లపై కూర్చున్న పేద విద్యార్థికీ, నగరానికి రాలేక ఇంటినుండి చదివే అమ్మాయికీ పాఠం చుక్క చెరగకుండా అందుతుంది.