పులుసుకు పనికిరాని చేప

అమెరికాలో చిన్నపిల్లలున్న తెలుగువాళ్ల ఇళ్లలో, లంచ్ బాక్సుల్లోనూ కారు వెనక సీటు సందుల్లోనూ బొటనవేలి గోరంత నారింజరంగు చేపలు దొరుకుతుంటాయి. ఇవి గోల్డ్‌ఫిష్ క్రాకర్లు. మైదా, చీజ్, ఉప్పు ఉంటాయే గానీ చేప అన్నది మచ్చుకైనా ఉండదు.

ఈ చేప పుట్టింది సముద్రమే లేని స్విట్జర్లాండ్‌లో. ఎమ్మెంటాల్ లోయలోని ట్రుబ్‌షాఖెన్ అనే ఊళ్లో కాంబ్లీ కుటుంబం 1910 నుంచి బిస్కెట్లు చేస్తోంది. ఆ కుటుంబంలోని ఆస్కార్ జె. కాంబ్లీ, భార్యది మీనరాశి కదా అని 1958లో ఆమె కోసం చేప ఆకారంలో ఉప్పు బిస్కెట్ చేయించాడట. నగ చేయించి ఉంటే ఇంత పేరొచ్చేది కాదు.

యూరప్ వెళ్లిన మార్గరెట్ రడ్కిన్ కంట్లో అవి పడ్డాయి. ఈమె కథ వేరు. ఉబ్బసంతో బాధపడే కొడుకు కోసం గోధుమ రొట్టె కాల్చడం మొదలుపెట్టి, 1937లో కనెటికట్ రాష్ట్రంలో పెపరిడ్జ్ ఫామ్ కంపెనీ స్థాపించింది. 1961లో దాన్ని కాంప్‌బెల్ సూప్ కంపెనీకి అమ్మి, ఆ బోర్డులో కూర్చున్న తొలి మహిళ అయింది. మరుసటేడు స్విస్ చేపను అమెరికాలో దింపింది. అప్పటికి బార్బెక్యూ, పిజ్జా లాంటి రుచులే. ఇప్పుడు అందరికీ తెలిసిన చెడ్డార్ 1966లో గానీ రాలేదు. 1988లో డిస్కవరీ నౌకలో అంతరిక్షానికీ వెళ్లొచ్చింది. మొహం మీద నవ్వు మాత్రం 1997లో పెట్టారు.

అసలు తమాషా కోర్టులో జరిగింది. నబిస్కో కంపెనీ 'క్యాట్‌డాగ్' అనే టీవీ కార్టూన్ పేరుతో చీజ్ క్రాకర్లు తేబోయింది. సగం పిల్లి, సగం కుక్క అయిన జంతువది. అందుకని ప్యాకెట్‌లో సగం ఆ జంతువు బొమ్మలు, పావు వంతు కుక్క కోసం బొమికలు, మిగతా పావు పిల్లి కోసం చేపలు. ఆ చేపల దగ్గరే పేచీ వచ్చింది. నబిస్కో చేప కాస్త పెద్దది, కాస్త చదునైనది, ఒకవైపు గీతలున్నది. అయినా రంగు, రుచి, ఆకారం మా చేపవేనని పెపరిడ్జ్ ఫామ్ పట్టుబట్టింది. 1999లో అప్పీలు కోర్టు కూడా దానివైపే మొగ్గి, నబిస్కో చేపకు అడ్డుకట్ట వేసింది. చీజ్ రుచి ఎవరైనా తేవచ్చు, ఆకారమే అసలు ఆస్తి అని నాకనిపించేది ఇలాంటి చోటే.

ఇక రికార్డు. ఒక్క చేతిలో ఎన్ని చేపలు పడతాయి? 2021లో కంపెనీ ప్రచారం కోసం సెర్బియా బాస్కెట్‌బాల్ ఆటగాడు బోబన్ మార్యానోవిచ్ ఈ పందెం కట్టాడు. 7 అడుగుల 4 అంగుళాల మనిషి. ఆ అరచేతిలో నిలిచినవి 301. మనలాంటివాళ్లం గుప్పెడు తీస్తే సగం చాప మీదే రాలతాయి.

2024 అక్టోబరులో మరో విడ్డూరం. పెద్దవాళ్లూ తినాలని చెప్పడానికి కొద్ది రోజులపాటు ప్యాకెట్ మీద గోల్డ్‌ఫిష్ తీసేసి, పెద్ద హోటళ్లలో వడ్డించే ఖరీదైన చేప 'చిలియన్ సీ బాస్' పేరు అచ్చేసి ఆన్‌లైన్‌లో అమ్మారు. లోపల ఉన్నది ఎప్పటి చెడ్డారే.