వారానికి ఐదు గంటల తీరికతో వంద కిలోమీటర్ల సైకిల్ ప్రయాణం

బన్సీలాల్‌పేట్ నుండి నర్సాపూర్ మీదుగా మెదక్ చర్చికి సుమారు 100 కిలోమీటర్లు. అక్కడిదాకా సైకిల్ మీద వెళ్లాలని మన సంఘ యువకుల్లో చాలామందికి ఆశ. కాని ఉద్యోగం, షిఫ్టులు, ఇంటి పనుల మధ్య సమయం ఎక్కడిది? అందుకని కొందరు ఆరు రోజులు కుర్చీలో కూర్చుని, ఏడవ రోజున ఒక్కసారిగా ప్రయాణం కడతారు. మోకాళ్ల నొప్పులు, వడదెబ్బ, ఒక్కొక్కసారి గుండెకు ముప్పు ఇలాగే వస్తాయి. 12 వారాల ముందుగా మొదలుపెడితే వారానికి ఐదు గంటల సాధన చాలు.

వారం ఇలా గడపండి

ఇప్పటికే 20 కిలోమీటర్లు తొక్కగలిగిన వారికి ఈ పద్ధతి సరిపోతుంది.

మంగళవారం 45 నిమిషాలు: పది నిమిషాలు నెమ్మదిగా తొక్కాక, 4 నిమిషాలు వేగంగా, 3 నిమిషాలు నిదానంగా, ఇలా నాలుగుసార్లు. చివరి కొద్ది నిమిషాలు నెమ్మదిగా ముగించండి. తక్కువ సమయంలో గుండె, ఊపిరితిత్తుల శక్తి పెరిగేది ఇటువంటి సాధనతోనే.

గురువారం ఒక గంట: ఒకే వేగం. పక్కవారితో మాట్లాడగలగాలి గాని పాట పాడలేకపోవాలి.

శనివారం దూర ప్రయాణం: 30 కిలోమీటర్లతో మొదలుపెట్టి వారానికి 5 చొప్పున పెంచండి. ప్రతి నాలుగో వారం దూరం తగ్గించి శరీరానికి విశ్రాంతినివ్వండి. పదకొండో వారానికి 70 కిలోమీటర్లు వస్తాయి. అంత తొక్కినవారు పన్నెండో వారాంతంలో వంద పూర్తిచేయగలరు. ఆదివారం ఆరాధనకు, కుటుంబానికి ఉంచండి.

తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డు అనుకూలం. వాహనాల భయం లేకుండా తొక్కాలంటే ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిల్ బాట ఉంది. ఎక్కడైనా హెల్మెట్, వెనుక ఎర్రదీపం తప్పనిసరి.

సీటు ఎత్తు

పెడల్ కిందికి వచ్చినప్పుడు మడమ ఆనించి చూడండి. కాలు నిటారుగా రావాలి. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి ముందుభాగం నొప్పి పెడుతుంది.

తిండి, నీళ్లు

గంట దాటిన ప్రయాణంలో గంటకు ఒకటి రెండు అరటిపండ్లు తినండి. దాహాన్నిబట్టి గంటకు అర లీటరు వరకు తాగండి. ఎండాకాలంలో ఇంకొంచెం ఎక్కువ. గంటల తరబడి ఉత్త నీళ్లే అతిగా తాగితే రక్తంలో ఉప్పు తగ్గి ప్రమాదం. ఓ.ఆర్.ఎస్. ప్యాకెట్‌ను దానిపై రాసినంత నీటిలోనే కలపండి. ఏప్రిల్, మే నెలల్లో ఉదయం 9 గంటలలోపే ఇల్లు చేరండి.

ఎవరు డాక్టరును అడగాలి?

బి.పి., షుగర్, గుండెజబ్బు ఉన్నవారు, పొగతాగేవారు, ఇంట్లో చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవారు, 40 ఏళ్లు దాటి కొత్తగా మొదలుపెట్టేవారు ముందుగా పరీక్ష చేయించుకోవాలి. ఇన్సులిన్ గాని, కొన్ని రకాల షుగర్ మాత్రలు గాని వాడేవారికి తొక్కుతున్నప్పుడే కాదు, ఆ రాత్రి కూడా షుగర్ పడిపోవచ్చు. జేబులో గ్లూకోజ్ ఉంచుకోండి. మందు మోతాదును మీ అంతట మీరే మార్చకండి.

ఛాతీలో బరువు, కళ్లు తిరగడం, అసాధారణమైన ఆయాసం వస్తే వెంటనే ఆగి 108కి ఫోన్ చేయండి. మరునాడు మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే ఆలస్యం చేయక ఆసుపత్రికి రండి.

షిఫ్టు వల్ల ఒక రోజు తప్పిపోతే మరునాడు రెండింతలు తొక్కి సరిచేయాలని చూడకండి. తప్పినదాన్ని వదిలి తరువాతి రోజు నుండి కొనసాగించండి. చర్చి 1924 నుండి అక్కడే ఉంది. ఒక నెల ఆలస్యంగా చేరినా ఫరవాలేదు.