గోడకు లోపలి వైపు స్వెటర్ ఎందుకు?

చలికాలంలో మనం స్వెటర్ వేసుకుంటాం కదా! జర్మనీ వంటి చలి దేశాల్లో ఇళ్లకూ అలాంటి తొడుగు వేస్తారు. దాని పేరే ఇన్సులేషన్.

ఎందుకు?
వేడి ఎప్పుడూ వెచ్చని చోటు నుంచి చల్లని చోటుకు వెళ్తుంది. గదిలో 20 డిగ్రీలు, బయట 0 డిగ్రీలు ఉంటే, హీటర్ ఇచ్చిన వేడి గోడ గుండా బయటికి పోతూనే ఉంటుంది. కదలకుండా నిలిచిన గాలి గుండా మాత్రం ఇటుకలోకన్నా 20 రెట్లకు పైగా తక్కువ వేడి ప్రసరిస్తుంది. అందుకే సన్నని గాలి అరలు నిండిన చెక్క పీచు పలకలను గోడకు బిగిస్తారు.

లోపలి వైపే ఎందుకు?
నిజానికి బయటి వైపు వేయడమే మేలు. కానీ జర్మనీలో వందల ఏళ్ల నాటి ఇళ్ల ముందు గోడల్లో కర్ర దూలాల అల్లిక కనబడుతుంది. ఆ అందాన్ని కప్పేయకూడదు కదా! అందుకే అలాంటి ఇళ్లకు లోపలి వైపు వేస్తారు.

జాగ్రత్త ఎలా?
ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టడం చూశారా? ఇక్కడా అదే చిక్కు. పలకలు బిగించాక గది వేడి అందక అసలు గోడ మరింత చల్లబడుతుంది. 20 డిగ్రీల గదిలో తేమ 50 శాతం ఉంటే, సుమారు 9 డిగ్రీలకు చల్లబడిన చోటికి చేరిన గది గాలిలోని ఆవిరి నీరవుతుంది. ఆ తడికి బూజు పడుతుంది, కర్ర కుళ్లుతుంది.

అందుకే కొన్ని ఇళ్లలో గది వైపు ఆవిరిని అడ్డుకునే పొర పరిచి, అతుకులను టేపుతో మూస్తారు. మరికొన్నింటిలో తేమను పీల్చి, మెల్లగా తిరిగి గదిలోకి వదిలే కాల్షియం సిలికేట్ పలకలను సందు లేకుండా అతికిస్తారు. ఇల్లు వెచ్చగా ఉండాలి, గోడ పొడిగానూ ఉండాలి!