పూసల దండకు మజూరి ఏది?

ప్రొద్దుటూరు బంగారు అంగట్లో నగ కొనే ఎవరికైనా మూడు లెక్కలు తెలుసు. తూకం ఒకటి, తరుగు ఒకటి, మజూరి ఒకటి. తరుగు దగ్గర పేచీ పెడతారు, మజూరి తగ్గించమని గట్టిగా బేరమాడతారు. అంతేగానీ మజూరి అసలెందుకని మాత్రం ఎవరూ అడగరు. బంగారం దానంతటది నగ కాదని, ఒక చెయ్యి రోజుల తరబడి కష్టపడితేనే కమ్మో గొలుసో అవుతుందని అందరూ ఎప్పుడో ఒప్పుకున్న సంగతి అది. అదే మనుషులు పూసల దండ చేతిలోకి తీసుకోగానే ఈ లెక్క మరిచిపోతారు. 'గాజుపూసలే గదా, దీనికి ఇంత ధరా' అంటారు. పూసల వెల, దారం వెల కలిపి దానిమీద పదో ఇరవయ్యో వేసి ఇస్తే న్యాయం చేసినట్టు భావిస్తారు. పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల్లో ఇంటి పట్టున పూసల నగలు అల్లే ఆడవాళ్లకు ఎదురయ్యే మొదటి కష్టం ఇదే. పూసల నగ కూడా కళే, దానికీ మజూరి ఉంది, సరుకు ధరతో కలపకుండా దాన్ని విడిగా లెక్కకట్టి ఇవ్వాలి అన్నదే ఈ వ్యాసం వాదన.

మన ప్రాంతంలో విలువను తూకంతో కొలిచే అలవాటు గట్టిది. ఇక్కడి వేముల మండలం పేరు బయటివాళ్లకు తెలిసిందే తుమ్మలపల్లె యురేనియం గని వల్ల, ముగ్గురాయి వల్ల. ప్రొద్దుటూరుకు పసిడిపురి అని పేరొచ్చింది బంగారం వ్యాపారం వల్ల. నల్లపూసల గొలుసు కొనేటప్పుడు ఈ అలవాటు ఎంత లోతుగా పాతుకుపోయిందో కనిపిస్తుంది. గొలుసు తూచాక పూసల బరువు తీసేసి, మిగిలిన బంగారానికే ధర కడతారు. కొనేవాళ్లు మోసపోకూడదంటే అలాగే చెయ్యాలి, అందులో తప్పేమీ లేదు. అయితే తూకంలోంచి తీసేసిన పూస మనసులోని విలువలోంచి కూడా జారిపోయింది. ఆలోచించి చూస్తే, ఎన్నో తెలుగు ఇళ్లలో పెళ్లయిన ఆడమనిషి మెడలో అందరూ మర్యాదగా చూసేది ఆ నల్లపూసలనే. అవి తెగితే ఇంటిల్లిపాదీ కంగారుపడతారు. గ్రాము ధర లేని వస్తువుకు ఇంత గౌరవం ఇవ్వడం మనకు చేతనవును. ఆ గౌరవం పూసకే ఆగిపోయింది, దాన్ని చేసిన చేతిదాకా, గుచ్చిన చేతిదాకా వెళ్లలేదు.

చరిత్ర చూసినా పూస బంగారం పక్కన చిన్నబోయి కూర్చున్నది కాదు. జమ్మలమడుగుకు ఉత్తరాన, బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలో ఆదిమానవులు తలదాచుకున్న ఒక కొండచరియ కింద పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వితే, పది వేల ఏళ్లకు పైబడిన పొరల్లో పూసలు దొరికాయి. లోహం అంటే ఏమిటో తెలియని కాలంలో, తిండిని వెతుక్కుని బతికే కాలంలో, మనిషి కూర్చుని చిన్న ముక్కకు బెజ్జం పెట్టాడు. 1892లో అలెగ్జాండర్ రే భట్టిప్రోలు స్తూపాన్ని తవ్వించినప్పుడు ధాతువులు దాచిన కరండాల్లో బంగారు పూలతోపాటు ముత్యాలూ పూసలూ బయటపడ్డాయి. బుద్ధుడి ధాతువుల పక్కన పెట్టడానికి ఆనాటివాళ్లు బంగారాన్నీ పూసనూ ఒకే చేత్తో ఎంచుకున్నారు. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అన్న భేదం ఆ కరండంలో లేదు.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం రాయలసీమలోనే ఉంది. తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలో పాపానాయుడుపేట అనే ఊరుంది. ప్రపంచంలో పూసల చరిత్ర చదివేవాళ్లకు ఆ ఊరి పేరు బాగా తెలుసు. రెండు వేల ఏళ్ల కిందట పుదుచ్చేరి దగ్గరి అరికమేడు వంటి రేవుల నుంచి చిన్న చిన్న గాజుపూసలు ఓడలెక్కి ఒకవైపు ఆఫ్రికా తూర్పు తీరానికి, ఇంకోవైపు కొరియా, జపాన్‌ల దాకా వెళ్లాయి. వాటికి ఇండో-పసిఫిక్ పూసలని పేరు పెట్టినవాడు పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికన్ పరిశోధకుడు. ఆ పాత పద్ధతి ఇంకా బతికున్న చోటుగా పరిశోధకులు గుర్తించింది పాపానాయుడుపేటనే. అక్కడి పనివాళ్లు కరిగిన గాజును ఇనుప కడ్డీకి ముద్దగా పట్టి, బండమీద దొర్లించి, దాని నడిమికి 'లాడ' అనే బోలు ఇనుప గొట్టం దిగేలా చేస్తారు. ఆ ముద్దను మళ్లీ కొలిమిలో పెట్టి, అవతలి వైపు నుంచి సన్నటి గొట్టంగా గంటల తరబడి లాగుతారు. లాగే వేగం తగ్గితే గొట్టం లావవుతుంది, పెరిగితే తెగిపోతుంది. ఆ గొట్టాలను చిన్న ముక్కలుగా కోస్తారు. బెజ్జాలు మూసుకుపోకుండా బూడిద పట్టించి మళ్లీ కాలుస్తారు. అప్పుడు కోసిన అంచులు మొద్దుబారి గుండ్రని పూస తయారవుతుంది. ఆ తర్వాత జల్లించి, సైజుల వారీగా వేరు చేస్తారు. ఇన్ని చేతులు మారి వచ్చిన పూసను మనం 'గాజు ముక్క' అని తేల్చేస్తున్నాం.

పూస తయారవడం సగం పనే. దాన్ని నగగా కూర్చడం మిగతా సగం. చాలామంది దీన్ని దారంలో పూసలు గుచ్చడంగానే చూస్తారు. అల్లే మనిషికి తెలుసు, గుచ్చడం చివరి మెట్టు. సన్న పూసల్లో నంబరు పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది. 11 నంబరు పూస దాదాపు 2 మిల్లీమీటర్లు. అలాంటి వాటితో రెండు వేళ్ల వెడల్పున్న చేతిపట్టీ అల్లాలంటే వెయ్యికి పైగా పూసలు ఒక్కొక్కటే సూదికెక్కాలి. ఒక వరసలో ఒక్క పూస లావుదైతే కింది వరసలన్నీ వంకర తిరుగుతాయి. దారం బిగిస్తే పట్టీ కర్రలా నిలబడుతుంది, వదులిస్తే పూసల మధ్య దారం పళ్లికిలిస్తుంది. ఎర్ర పూస పక్కన పచ్చ పూస పెడితే రెండూ మెరుస్తాయా, ఒకదాన్ని ఒకటి చంపేస్తాయా అన్నది చూపుకు తెలియాలి. మెడలో వేసుకున్నప్పుడు బరువు ఎక్కడ వాలుతుందో, కొక్కెం వెనక్కే ఉంటుందో ముందుకు జారుతుందో ముందే ఊహించాలి. ఇదంతా పుస్తకంలో దొరకదు. ఎన్నో దండలు విప్పి మళ్లీ అల్లితేనే చేతికి పట్టుబడుతుంది. ఊహ, చూపు, చెయ్యి మూడూ కలిసి చేసే పనికి కళ అనే కదా పేరు.

ఈ పనికి ఏం దక్కుతోందో తేలికైన లెక్క వేసి చూడొచ్చు. ఒక దండకు సామాను 200 రూపాయలు, అల్లడానికి రెండు రోజులు పట్టిందనుకుందాం. దాన్ని 400కు అడిగితే కొనేవాళ్లు 'సామానుకు రెండింతలు ఇస్తున్నాం గదా' అనుకుంటారు. సామాను పోగా మిగిలింది 200. రెండు రోజులకు పంచితే రోజుకు 100 రూపాయలు. 2025-26కు ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ రోజు కూలీ 307 రూపాయలుగా ఉండింది. నైపుణ్యం అడగని పనికి ప్రభుత్వం కట్టిన కూలీ అది. ఆ కూలీ లెక్కనే వేసినా దండ ధర 814 రూపాయలు కావాలి, నేర్పుకు, ఊహకు ఇంకా ఒక్క పైసా కూడా కలపకుండానే. కాబట్టి 800 రూపాయల పూసల దండ ఖరీదైనది కాదు. అందులో సామాను, కూలీ మాత్రమే ఉన్నాయి, నేర్పుకు మజూరి ఇంకా మొదలే కాలేదు.

దీనికి మొదటి అభ్యంతరం బంగారం వైపు నుంచి వస్తుంది. కరువు సీమలో బంగారం నగ మాత్రమే కాదు, ఆపదకు ఆదుకునే ఆస్తి. వాన తప్పిన ఏడు కుదువ పెట్టుకోవచ్చు, పిల్ల పెళ్లికి కరిగించుకోవచ్చు. పూసల దండను ఎవరు కుదువ పెట్టుకుంటారు? ఈ మాటలో నిజముంది. బంగారం దాచుకోవడం మానమని ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే మనం డబ్బు పెట్టే ప్రతి వస్తువునూ తిరిగి అమ్ముకునే విలువతో చూడం. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, మాధవరం మగ్గాల మీద నేసిన చీర కొన్నప్పుడు, కట్టాక అది ఎంతకు పోతుందని లెక్కవెయ్యం. నేతనీ రంగునీ అంచునీ చూసి ధర ఇస్తాం. చీరకు ఉన్న న్యాయమే పూసల నగకూ చాలు. దాన్ని ఆస్తిగా కాకుండా కళగా కొనాలి.

రెండో అభ్యంతరం యంత్రాల గురించి. ఫ్యాన్సీ అంగట్లో వంద రూపాయలకు తళతళలాడే దండ దొరుకుతుంటే చేత్తో అల్లినదానికి ఎనిమిది వందలెందుకు? ఇక్కడ రెండు వేర్వేరు సంగతులు కలిసిపోతున్నాయి. యంత్రం పూస చేస్తే కళాకారిణికి నష్టం లేదు. జపాన్‌లో యంత్రాల మీద తయారయ్యే సన్న పూసలు ఒకే కొలతలో ఉంటాయి కనుక చేతి అల్లికకు చాలామంది వాటిని వెతుక్కుంటారు. దండ సంగతి వేరు. వంద రూపాయల దండలో ఉండేది వేల సంఖ్యలో తీసిన ఒకే అచ్చు. ఈ మెడకు, ఈ చీరకు, ఈ పెళ్లికి అని ఆలోచించి చేసింది కాదు. తెగితే పారెయ్యాల్సిందే. చేతి అల్లికను చేసిన మనిషి విప్పి మళ్లీ అల్లగలదు, పొడవు పెంచగలదు, పాత నల్లపూసలను కొత్త వరసలోకి మార్చగలదు. ఎవరికి ఏది కావాలో వాళ్లు కొనుక్కోవచ్చు. ఒకదాని ధరతో ఇంకోదాన్ని కొలవడమే అన్యాయం.

మూడో అభ్యంతరం కళాకారుల్లోనే ఉంది. అల్లిక నలుగురికీ నేర్పితే, కొత్త నమూనా బయట చూపిస్తే కాపీ కొడతారన్న భయం. ఈ భయం ఊరికే పుట్టింది కాదు. ఒక ఇంట్లో పుట్టిన వరస నెల తిరక్కుండా అంగట్లో కనిపిస్తుంది. అయినా దాచుకోవడం మందు కాదు. కొద్ది కుటుంబాల చేతుల్లోనే ఉన్న విద్య ఆ కుటుంబాల పిల్లలు వేరే పనికి వెళ్లిన రోజున ఆగిపోతుంది. పంచుకున్న విద్యకు ఏం జరుగుతుందో మన పొరుగున బళ్లారి జిల్లా సండూరులో చూడొచ్చు. అక్కడి లంబాణీ ఆడవాళ్లు, అంటే మన సీమలో సుగాలీలని పిలుచుకునేవాళ్లు, గవ్వలు, అద్దాలు కుట్టే తమ పనిని సండూరు కుశల కళా కేంద్రం ద్వారా ఒకరికొకరు నేర్పుకుంటూ వచ్చారు. ఆ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023 జూలైలో హంపిలో జరిగిన జి-20 సంస్కృతి సమావేశం సందర్భంగా 450 మందికి పైగా లంబాణీ మహిళలు చేసిన 1,755 కుట్టుపనులను ప్రదర్శించి గిన్నిస్ రికార్డు సాధించారు. పంచుకోవడం వల్ల వాళ్ల పేరు పోలేదు, ఊరు దాటి దేశం దాటింది.

కాపీని ఆపడానికి దారులూ ఉన్నాయి. మన డిజైన్ల చట్టం, 2000 కింద కొత్త నమూనాను నమోదు చేసుకుంటే పదేళ్లు, ఆపైన ఇంకో ఐదేళ్లు రక్షణ ఉంటుంది. అమెరికాలో 1990 నాటి చట్టం ప్రకారం, అక్కడి ఆదివాసులు చెయ్యని వస్తువును వాళ్లు చేసినట్టు చెప్పి అమ్మడం నేరం. అక్కడి ఆదివాసుల పూసల పనికి అది పెద్ద అండ. గుర్తింపు తెచ్చుకునే దారీ ఉంది. ఇటలీ, ఫ్రాన్స్ దేశాలు తమ గాజుపూసల కళను 2020లో యునెస్కో జాబితాకెక్కించుకున్నాయి. మన రాయలసీమలో ఇంకా బతికున్న పద్ధతిలో చేసిన పూసలు ఓడలెక్కి దేశాలు తిరిగిన చరిత్ర వాళ్ల కథకు ఏమాత్రం తీసిపోదు. అడగడమే మనకు అలవాటు కాలేదు.

మజూరి అడిగే హక్కుతోపాటు కళాకారుల మీద బాధ్యతా ఉంటుంది. గాజును రాయి అని, ప్లాస్టిక్‌ను పగడం అని అమ్మకూడదు. ఏ పూస, ఏ దారం, ఏ లోహం వాడారో చిన్న చీటీ మీద రాసివ్వాలి. తెగితే బాగుచేసిస్తామని చెప్పాలి, చెప్పింది చెయ్యాలి. అన్నిటికంటే ముఖ్యంగా ఆ చీటీ మీద తమ పేరు, ఊరు రాసుకోవాలి. బంగారానికి హాల్‌మార్క్ ఎలా నమ్మకమిస్తుందో, పూసల నగకు చేసిన మనిషి పేరు అలా నమ్మకమివ్వాలి. బిల్లులో సామాను ఒక వరసలో, మజూరి ఇంకో వరసలో చూపిస్తే కొనేవాళ్లకూ తాము దేనికి డబ్బిస్తున్నారో అర్థమవుతుంది.

ప్రభుత్వం చెయ్యాల్సింది కూడా ఉంది. 2023 సెప్టెంబరులో మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో 18 వృత్తులున్నాయి. కంసాలి ఉన్నాడు, పూలదండలు కట్టేవాళ్లున్నారు, పూసల పనివాళ్లు లేరు. వెనుకబడిన తరగతుల జాబితాలో పూసల కులమే ఉన్న రాష్ట్రంలో, తరతరాలుగా ఊరూరా తిరిగి పూసలు అమ్మి బతికినవాళ్లున్న నేల మీద, ఆ పనికి వృత్తుల జాబితాలో చోటు లేకపోవడం సరిదిద్దాల్సిన లోపం. కడపలో 2020లో ఏర్పడిన డాక్టర్ వై.ఎస్.ఆర్. ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ పాపానాయుడుపేట పనివాళ్లను పిలిపించి పాఠాలు చెప్పించవచ్చు, వేముల వంటి మండలాల పొదుపు సంఘాల ఆడవాళ్లకు చిన్న శిక్షణలు పెట్టవచ్చు. ప్రభుత్వ లేపాక్షి దుకాణాల్లో పూసల నగలను చేసిన మనిషి పేరుతో అమ్మవచ్చు. వీటికి పెద్ద ఖర్చేమీ కాదు. కొనే పాఠకులు మాత్రం వీటన్నిటికోసం ఆగక్కర్లేదు. పూసల దండ నచ్చితే ఎవరు అల్లారని అడగండి, ఎన్ని రోజులు పట్టిందని అడగండి, ఆ రోజులకు తగిన మజూరి బేరమాడకుండా ఇవ్వండి.