ఐ.పి. దాఖలైతే బాకీల గతి ఏమి?

మోత్కూర్ వంటి పత్తి, ధాన్యం బజార్లలో సరుకు ముందు పోతుంది, పైకం తర్వాత వస్తుంది. ఈలోగా 'ఫలానా దుకాణం ఐ.పి. పెట్టింది' అని తెలిస్తే బాకీ మునిగినట్లేనని పలువురు తలుస్తారు. అది సరికాదు.

ఐ.పి. అంటే దివాలా పిటిషను. వ్యక్తులకు, సొంత దుకాణాలకు నేటికీ వర్తించేది 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే. 2016 దివాలా స్మృతిలోని వ్యక్తుల భాగం 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు హామీ ఉన్నవారికి మాత్రమే అమలులోకి వచ్చింది.

రూ. 500 బాకీ ఉండి తీర్చలేనివారు పిటిషను వేయవచ్చు. ఋణదాతా వేయవచ్చు, అయితే బాకీదారు ఆస్తి దాటించడం, ఇల్లు విడిచి పోవడం వంటివి జరిగిన మూడు నెలలలోపే వేయాలి.

దివాలాదారుగా ప్రకటించగానే ఆస్తి కోర్టు లేదా రిసీవరు వశమవుతుంది. ఆపైన కోర్టు అనుమతి లేనిదే దావా నడవదు. తాకట్టు ఉన్నవారి హక్కు చెడదు. తక్కినవారు చిట్టా, తక్‌పట్టీ, ప్రామిసరీ నోటు చూపి బాకీ రుజువు చేసుకుని జాబితాకెక్కాలి.

పిటిషనుకు ముందు మూడు నెలల్లో ఒక ఋణదాతకే మొగ్గు చూపి చేసిన చెల్లింపు, రెండేళ్లలో బంధువులకు ఊరకే రాసిన ఆస్తి కోర్టులో రద్దు కావచ్చు.

మూడేళ్లుగా సరైన లెక్కలు లేనివారికి, దివాలా అని తెలిసీ బేరం సాగించినవారికి పూర్తి విముక్తి లభించదు. ప్రభుత్వ బాకీ, మోసంతో తెచ్చిన అప్పు విముక్తి తర్వాతా మిగులుతాయి.

కాబట్టి కోర్టు నోటీసు అందితే ఉపేక్షించరాదు. సరుకు తూగిన నాడే కాగితం రాయించుకోవడం అన్నిటికంటే మేలు.