నెలలు నిండకుండానే కాన్పు... రక్తపరీక్ష ముందే చెబుతుందా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెయిన్‌రోడ్డు వెంట ల్యాబ్‌లకు కొదవ లేదు. మూడో నెలలో ‘డబుల్ మార్కర్’ రిపోర్టు నార్మల్ అని రాగానే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఇక కాన్పు కూడా సమయానికే అవుతుందనుకుంటారు. కానీ ఆ పరీక్ష ప్రధానంగా అంచనా వేసేది బిడ్డలో డౌన్ సిండ్రోమ్ వంటి క్రోమోజోమ్ లోపాల ముప్పునే.

37 వారాలు నిండకముందే బిడ్డ పుడితే ముందస్తు కాన్పు అంటారు. 2020లో మన దేశంలో దాదాపు 30 లక్షల మంది ఇలా పుట్టారని అంచనా. ప్రపంచంలో మరే దేశంలోనూ ఇంతమంది లేరు. ఊపిరితిత్తులు పూర్తిగా ఎదగకపోవడమే ఈ పసికందులకు పెద్ద గండం.

రక్తం చెప్పేది...

తల్లి రక్తంలో ముప్పును సూచించే పదార్థాలే బయోమార్కర్లు. డబుల్ మార్కర్‌లో చూసే ‘పాప్-ఎ’ ప్రొటీన్ బాగా తక్కువుంటే మాయ పనితీరుపై కాస్త కన్నేసి ఉంచాలి. 11-14 వారాల మధ్య బీపీ, డాప్లర్ స్కాన్‌లతో పాటు ‘పీఎల్‌జీఎఫ్’ కూడా చూస్తే ప్రీఎక్లాంప్సియా ముప్పు తెలుస్తుంది. బీపీ ప్రమాదకరంగా పెరిగే ఈ సమస్యలో తల్లిని కాపాడటానికి ముందే కాన్పు చేయాల్సి రావచ్చు. ముప్పు ఎక్కువుంటే డాక్టర్లు 16 వారాల లోపే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడతారు. దీన్ని సొంతంగా వేసుకోకూడదు.

కాన్పు నొప్పులు ముందే వస్తాయా అన్నది చెప్పే పరీక్షల మీద పరిశోధనలు సాగుతున్నాయి. అమెరికాలో 18-20 వారాల్లో రెండు ప్రొటీన్ల నిష్పత్తిని చూసే పరీక్ష వచ్చినా, అది గర్భిణులందరికీ చేసే సాధారణ పరీక్ష కాలేదు. గురుగ్రామ్‌లో 2015లో మొదలైన ‘గర్భిణి’ అధ్యయనం మన దేశపు తల్లుల్లో ముందస్తు కాన్పుకు దారితీసే కారణాలను వెతుకుతోంది.

చెప్పనిది...

రక్తపరీక్షలన్నీ బాగున్నా ముప్పు ఉండొచ్చు. అందుకే ఇవి డాక్టరుకు తప్పక చెప్పండి:

• గతంలో నెలలు నిండకుండా కాన్పు అయి ఉంటే
• కడుపులో కవలలు ఉంటే
• గర్భాశయ ముఖద్వారానికి ఆపరేషన్ జరిగి ఉంటే
• మూత్రంలో మంట, ఇన్ఫెక్షన్ ఉంటే

ఐదో నెల స్కాన్‌లో గర్భాశయ ముఖద్వారం పొడవును కొలిపించుకోవడం మేలు. అది 25 మిల్లీమీటర్ల కన్నా తక్కువుంటే ప్రొజెస్టిరాన్ మందు, కొందరికి కుట్టు వేయడం ఉపయోగపడతాయి. హిమోగ్లోబిన్ 11 గ్రాములకు తగ్గకుండా, షుగర్, థైరాయిడ్ అదుపులో ఉండేలా చూసుకోవాలి.

పుట్టింటికి వెళ్తున్నారా?

శ్రీమంతం కాగానే ఎల్బీనగర్‌లో బస్సెక్కి నల్గొండకో, సూర్యాపేటకో పుట్టింటికి వెళ్లేవాళ్లు ఎందరో. ఏడో నెలంటే సరిగ్గా జాగ్రత్తపడాల్సిన సమయం. ముప్పు ఉందని చెబితే ప్రయాణానికి ముందు డాక్టరును అడగండి. రిపోర్టులన్నీ వెంట ఉంచుకోండి. పుట్టింటికి దగ్గర్లో నవజాత శిశువుల ఐసీయూ ఎక్కడుందో ముందే కనుక్కోండి.

పొట్ట పదేపదే గట్టిపడటం, ఆగి ఆగి వచ్చే నడుంనొప్పి, ఉమ్మనీరు కారడం, రక్తస్రావం, తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం... వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగొద్దు. 34 వారాల లోపు కాన్పు తప్పదనిపిస్తే తల్లికిచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు బిడ్డ ఊపిరితిత్తులకు బలాన్నిస్తాయి. అవి పనిచేయడానికి కొన్ని గంటలు పడుతుంది. సమయానికి ఆసుపత్రికి చేరితేనే ఆ గంటలు దక్కుతాయి.